ప్లస్ టూలో నాలుగో సబ్జెక్టుగా కంప్యూటర్ తీసుకోవచ్చా? ఒడిశా సరిహద్దు తెలుగువాళ్లు చెప్పండి

పర్లాకిమిడి నాన్న (గజపతి జిల్లా)

అందరికీ నమస్కారం. మా పెద్దమ్మాయి ఈ ఏడాది పది పాసయింది. ఇక్కడి హైస్కూల్లోనే, ఒడియా మీడియం. ఇంట్లో మాత్రం తెలుగే. లెక్కల్లో మంచి మార్కులొచ్చాయి. కంప్యూటర్ ఇంజనీరింగ్ చదువుతానని పట్టుబట్టి కూర్చుంది. స్కూల్లో కంప్యూటర్ గది ఉంది గానీ వారానికొక పీరియడ్, ఒక్కో మెషీన్ ముందు నలుగురేసి పిల్లలు. తనకున్న పరిచయం అంతే.

ఇప్పుడు సామ్స్‌లో (ఒడిశా ప్రభుత్వ ఆన్‌లైన్ అడ్మిషన్ల వెబ్‌సైట్) ప్లస్ టూ అప్లికేషన్ పెట్టాలి. ఫిజిక్స్, కెమిస్ట్రీ, లెక్కలు సరే, నాలుగో సబ్జెక్టు దగ్గర ఆగిపోయాం. ఒక కాలేజీలో బయాలజీ ఒక్కటే ఉంది, ఇంకోదాంట్లో ఐటీ కూడా ఉంది. బయాలజీ వదిలేస్తే డాక్టరు చదువు చేజారిపోతుందని మా బావగారు అంటున్నారు. ఇక్కడేం చదువు, విశాఖలో ఇంటర్ హాస్టల్లో వేసెయ్ అని మా తమ్ముడు. నేరుగా పాలిటెక్నిక్‌కి పంపమని షాపుకొచ్చే ఒకాయన. రోజుకో మాట వింటుంటే టెన్షన్‌గా ఉంది. ప్లస్ టూలో కంప్యూటర్ చదివితే బీటెక్ సీటుకి ఏమైనా ఉపయోగం ఉంటుందా? చదవకపోతే నష్టమా? ఈ దారిలో నడిచినవాళ్లు చెప్పండి.

బరంపురం బాలు (గంజాం జిల్లా)

అన్నా, సీటు సంగతి ముందు చెప్పేస్తాను. బీటెక్‌లో కంప్యూటర్ బ్రాంచి రావడానికి ప్లస్ టూలో కంప్యూటర్ చదివి ఉండాల్సిన పని లేదు. ఒడిశాలో బీటెక్ సీట్లు ఓజేఈఈ కౌన్సెలింగ్‌లో జేఈఈ మెయిన్ ర్యాంకును బట్టి ఇస్తారు. ఆ పరీక్షలో లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఒక్కోటి 100 మార్కులకి, మొత్తం 300. కంప్యూటర్ మీద ఒక్క ప్రశ్న కూడా రాదు. సీటు తెచ్చేది లెక్కలే.

సీటు వచ్చాక కథ వేరు. నేను సీతలాపల్లిలో పరలా మహారాజా ఇంజనీరింగ్ కాలేజీలో చదివాను. 2009లో పెట్టిన ప్రభుత్వ కాలేజీ అది, మన గంజాం, గజపతి పిల్లలకు దగ్గర. మాతో చేరినవాళ్లలో చాలామంది అప్పటిదాకా ఒక్క ప్రోగ్రామ్ కూడా రాయనివాళ్లే. తెలివి తక్కువై కాదు, ఎవరూ రాయించలేదు. మొదటి సెమిస్టర్ సీ లాంగ్వేజ్ ల్యాబులో వాళ్ల చేతులు వణకడం పక్కనే కూర్చుని చూశాను. లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే ఆదేశం) అంటే ఏమిటో ముందే తెలిసిన పిల్లలు అదే ల్యాబులో హాయిగా కూర్చునేవారు. ఆ తేడాకి కారణం ప్లస్ టూలోనో, ఇంటి దగ్గరో చేసిన సాధన.

కాబట్టి అమ్మాయి మనసు ఇంజనీరింగ్ మీదే ఉంటే ఐటీ తీసుకోనివ్వండి. నీట్ రాయాలంటే బయాలజీ కావాలి, మీ బావగారు చెప్పింది అబద్ధం కాదు. కానీ డాక్టరవుదామన్న ఆలోచన అమ్మాయికి ఉందా లేదా అన్నది ఆమెనే అడగాలి, బావగారిని కాదు.

రాయగడ వదిన

మా అబ్బాయిని విశాఖ పంపించాం, అందుకే రాస్తున్నాను. లెక్కలు గట్టిపడ్డాయి, అది కాదనను. కానీ వాడు చదివినప్పుడు అక్కడ ఇంటర్ ఎంపీసీ అంటే లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, రెండు భాషలు, అంతే. కంప్యూటర్ సబ్జెక్టుగా ఉండేది కాదు. పొద్దున్న స్టడీ అవర్‌తో మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసేది. కంప్యూటర్ ఇంజనీరింగ్ చదవాలని వెళ్లిన పిల్లాడు ఆ రెండేళ్లూ కీబోర్డు ముట్టలేదు. పైగా పదో తరగతి దాకా ఒడియాలో చదివినవాడు ఒక్కసారిగా ఇంగ్లీషు మీడియంలో పడ్డాడు. ఫోన్ చేస్తే పొడిపొడిగా మాట్లాడేవాడు. ఆడపిల్ల, మొదటిసారి ఇల్లు వదిలి వెళ్లేది. ఆలోచించి నిర్ణయం తీసుకోండి అన్నయ్యా.

గుణుపురం మాస్టారు (రాయగడ జిల్లా)

నేను ప్లస్ టూ పిల్లలకు కంప్యూటర్ చెప్తున్నాను. సబ్జెక్టు పేరు చూసి కాలేజీ ఎంచుకోకండి, ల్యాబు చూసి ఎంచుకోండి. ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

మన వైపు ఒక కాలేజీలో ఐటీ సబ్జెక్టు ఉంది, మంచి బోర్డు కూడా పెట్టారు. ల్యాబుకి తాళం. ఎప్పుడు తీస్తారంటే ప్రాక్టికల్ పరీక్ష ముందు. పిల్లలు ప్రోగ్రాములను రికార్డు పుస్తకంలో అందంగా రాసి పట్టుకెళ్తారు, ఒక్కటీ నడిపి చూసి ఉండరు. అలాంటి చోట రెండేళ్లు కూర్చోవడం కంటే బయాలజీ తీసుకుని కప్ప గుండె గురించి చదువుకోవడం నయం. కోపంతో రాస్తున్నానని తెలుసు. కానీ అది పిల్లల కాలం, మళ్లీ రాదు.

అప్లికేషన్ పెట్టే ముందు అమ్మాయిని తీసుకుని కాలేజీకి వెళ్లండి. ప్రిన్సిపాల్ గదిలో కూర్చోకుండా రెండో ఏడాది పిల్లలను పట్టుకుని అడగండి: నిన్న ల్యాబులో ఏం రాశారు? సమాధానం వెంటనే వస్తే ఆ కాలేజీ మంచిది. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటే మీకు అర్థమైపోతుంది. కరెంటు పోతే బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో కూడా అడగండి. మన జిల్లాల్లో వానాకాలం సంగతి మీకు తెలిసిందే.

సీబీఎస్ఈ మాట ఎవరూ ఎత్తలేదు. మీ బ్లాకులో ఒడిశా ఆదర్శ విద్యాలయం ఉంటే పదకొండులో సీట్లు ఉన్నాయేమో కనుక్కోండి. అవి రాష్ట్ర ప్రభుత్వ బడులే, సీబీఎస్ఈ సిలబస్, ఇంగ్లీషు మీడియం. కేంద్రీయ విద్యాలయం, నవోదయ కూడా అదే బోర్డు. అన్ని చోట్లా కంప్యూటర్ సైన్స్ ఇవ్వరు, అడిగి తెలుసుకోవాలి. ఆ బోర్డులో సబ్జెక్టు కోడ్ 083. థియరీ 70, ప్రాక్టికల్ 30. పన్నెండో తరగతి థియరీలో 40 మార్కులు ప్రోగ్రామింగ్‌కే, 20 డేటాబేస్‌కి, 10 నెట్‌వర్క్‌లకి. ఇదివరకు సీ ప్లస్ ప్లస్ ఉండేది, ఇప్పుడంతా పైథాన్. మొదలుపెట్టే పిల్లలకు అది చాలా మంచి మార్పు. ఇన్ఫర్మేటిక్స్ ప్రాక్టీసెస్ అని 065 కోడ్‌తో ఇంకో సబ్జెక్టు ఉంది. అందులో డేటా పట్టికలు, గ్రాఫులు ఎక్కువ. ఇంజనీరింగ్ ఆలోచన ఉన్న పిల్లకు 083 సరైనది.

మీ అమ్మాయి ఏ బోర్డులో చేరినా ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ల పదకొండో తరగతి కంప్యూటర్ సైన్స్ పుస్తకం వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఇంగ్లీషు తేలికగానే ఉంటుంది. కాలేజీ తెరిచే లోపు మొదటి అయిదు అధ్యాయాలు చదివించండి.

జైపూర్ చిన్నోడు (కొరాపుట్ జిల్లా)

మాస్టారూ, నేను పదకొండు చదువుతున్నాను. మా ఇంట్లో కంప్యూటర్ లేదు, నాన్న ఫోన్ ఒక్కటే. సాయంత్రం దొరుకుతుంది. పైథాన్ నేర్చుకోవడం కుదురుతుందా?

బరంపురం బాలు

కుదురుతుంది తమ్ముడూ. పైడ్రాయిడ్ 3 అనే యాప్ వేసుకో. ఒకసారి దించుకుంటే నెట్ లేకపోయినా ప్రోగ్రాములు నడుస్తాయి. టైపింగ్ కొంచెం విసుగే, ఓపిక పట్టాలి. ఐఐటీ బొంబాయి వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్‌లో తెలుగులో కూడా పాఠాలు ఉన్నాయి. ఒక్కోటి చిన్న వీడియో, దించుకుని చూడొచ్చు.

మొదటి వారంలోనే అందరూ బోల్తా పడేది ఒకటుంది, ముందే చెప్తాను. రెండు అంకెలు అడిగి కూడే ప్రోగ్రామ్ రాస్తావు. 5, 3 ఇస్తావు. 8 రావాల్సింది 53 వస్తుంది. ఫోన్ పాడైంది అనుకోకు. కీబోర్డు నుంచి వచ్చేదంతా పైథాన్‌కి అక్షరాలే. అక్షరాల 5 పక్కన అక్షరాల 3 అతికిస్తే 53. దాన్ని ముందు ఇంటీజర్‌గా, అంటే అంకెగా మార్చాలి. ఈ ఒక్క తప్పుని నువ్వే కనిపెట్టి సరిచేసుకుంటే డేటా టైప్ అంటే ఏమిటో జన్మలో మర్చిపోవు.

పద్మ, డిప్లొమా సెకండియర్ (రాయగడ)

పాలిటెక్నిక్ గురించి అడిగారు కదా బాబాయ్. పది తర్వాత మూడేళ్లు. పాసయ్యాక లేటరల్ ఎంట్రీలో బీటెక్ నేరుగా రెండో ఏడాదిలో చేరొచ్చు. ఇంట్లో డబ్బు ఇబ్బంది ఉండి, మూడేళ్ల తర్వాత ఉద్యోగంలో చేరాల్సి రావచ్చు అనుకుంటే ఇది మంచి దారి. కానీ జేఈఈ రాసి పెద్ద కాలేజీకి వెళ్లాలని ఉంటే ప్లస్ టూయే. డిప్లొమాలో లెక్కలు అంత లోతుగా ఉండవు.

ఇక్కడ నాకు బాగా నచ్చింది డిజిటల్ ఎలక్ట్రానిక్స్ ల్యాబు. 7400 అని ఒక చిన్న చిప్ ఉంటుంది, పద్నాలుగు కాళ్లు. 14వ కాలికి 5 వోల్టులు, 7వ కాలికి గ్రౌండు. లోపల నాలుగు నాండ్ గేట్లు (రెండు ఇన్‌పుట్లూ 1 అయితేనే 0 ఇచ్చేవి). రెండు బిట్లను కూడే సర్క్యూట్ కట్టమన్నారు. మొత్తం బిట్‌కి ఎక్సార్ (రెండింట్లో ఒక్కటే 1 అయితే 1 ఇచ్చే గేటు) కావాలి, అది నాలుగు నాండ్‌లతో కట్టొచ్చు, చిప్ సరిగ్గా అయిపోయింది. క్యారీ బిట్ ఎలా? మొదటి గేటు నుంచి వచ్చేది క్యారీకి తిరగేసిన రూపమే. దాన్ని ఇంకో నాండ్‌తో తిరగేస్తే చాలు. అంటే అయిదో గేటు, దానికి రెండో చిప్. రెండు స్విచ్‌లూ నొక్కగానే మొత్తం ఎల్ఈడీ ఆరి క్యారీ ఎల్ఈడీ వెలిగింది. ఒకటీ ఒకటీ కలిపితే బైనరీలో 10. పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా రాని నమ్మకం అక్కడ వచ్చింది. కంప్యూటర్ ఇంజనీరింగ్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఇదే చూపిస్తాను.

చిప్‌లు కొనే వీలు లేకపోతే టింకర్‌క్యాడ్‌లో ఉచితంగా తెర మీదే ఇదే సర్క్యూట్ కట్టి చూడొచ్చు.

సిరొంచ సాగర్ (గడ్చిరోలి జిల్లా)

మాది మహారాష్ట్ర కొస, గోదావరి అవతల కాళేశ్వరం. మా ఊళ్లోనూ సగం మాటలు తెలుగే, చదువు మరాఠీ. పద్మ గారి పోస్టు చూసి రాయకుండా ఉండలేకపోయాను.

నేను పన్నెండులో బైఫోకల్ కంప్యూటర్ సైన్స్ తీసుకున్నాను. 200 మార్కులు. రెండో భాష, ఇంకో సబ్జెక్టు మానేసి దీన్ని తీసుకోవాలి. మొదటి పేపర్లో ఆపరేటింగ్ సిస్టమ్, డేటా స్ట్రక్చర్లు, సీ ప్లస్ ప్లస్. రెండో పేపర్ మొత్తం హార్డ్‌వేర్ వైపు: ఇంటెల్ 8085 ప్రాసెసర్, 8051 మైక్రోకంట్రోలర్, నెట్‌వర్కింగ్. 8085 వచ్చింది 1976లో. ఇంత పాతది ఎందుకు చదవాలని అప్పుడు తిట్టుకునేవాళ్లం. ఇప్పుడు ఎంబెడెడ్ ఉద్యోగంలో (పరికరాల్లోని చిప్‌లకు ప్రోగ్రాములు రాసే పని) ఉన్నాను, దాని విలువ తెలుస్తోంది.

8085 ల్యాబు కిట్ మీద 3ఈ, 05, 06, 03, 80, 76 అని ఆరు బైట్లు నొక్కుతాం. మొదటి జత 'ఏ' (A) అనే రిజిస్టర్‌లో, అంటే చిప్ లోపల అంకె దాచే గడిలో, 5 పెట్టమంటుంది, రెండో జత 'బీ' (B)లో 3 పెట్టమంటుంది. 80 అంటే కూడు, 76 అంటే ఆగు. నడిపాక 'ఏ'లో చూస్తే 8. మధ్యలో ఏ లాంగ్వేజీ లేదు. మనం నొక్కిన అంకెనే చిప్ పనిగా తీసుకుంటుంది. పైథాన్ నేర్చుకునే పిల్లలు ఒక్కసారైనా ఇది చూడాలని నా గట్టి అభిప్రాయం. ఫోన్లలో, కంప్యూటర్లలో 8085 సిమ్యులేటర్లు ఉచితంగానే దొరుకుతాయి.

పర్లాకిమిడి నాన్న

అందరికీ చేతులెత్తి నమస్కారం. ఇన్ని వివరాలు ఎవరూ చెప్పలేదు. మాస్టారు చెప్పినట్టు రెండు కాలేజీలకూ వెళ్తాం. ఇంకో సందేహం. విశాఖలో ఇంటర్ చదివిస్తే అక్కడి ఇంజనీరింగ్ కాలేజీల్లో లోకల్ కింద సీటు వస్తుందని మా తమ్ముడు ఒకటే పోరు. నిజమేనా?

ఇచ్ఛాపురం చలపతి (శ్రీకాకుళం జిల్లా)

బోర్డరుకి ఇవతలి వాణ్ని, ఈ లోకల్ గొడవలో మా బంధువుల పిల్లలు ఇరుక్కుంటే దగ్గరుండి తిరిగాను. ఆంధ్రాలో చదువును బట్టి లోకల్ అవ్వాలంటే, ఇంటర్‌తో ముగిసే వరసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలోనే చదివి ఉండాలి. అంటే తొమ్మిది, పది కూడా అక్కడే. మీ అమ్మాయి పది పర్లాకిమిడిలో చదివింది కాబట్టి ఇంటర్ రెండేళ్లతో ఆ లెక్క కుదరదు. లోకల్‌కి పోగా మిగిలే 15 శాతం సీట్లకు వేరే షరతులున్నాయి, ఆ ఏడాది ఈఏపీసెట్ బులెటిన్ చదివి తీరాలి.

అటు ఒడిశాలో కౌన్సెలింగ్‌కి వెళ్తే రెసిడెంట్ సర్టిఫికెట్ అడుగుతారు. తహసీల్ నుంచి ముందే తీసి ఉంచండి, చివరి వారంలో సర్వర్ పనిచేయదు. ఈ రెండూ చూసుకోకుండా పంపితే పిల్ల అటూ కాకుండా ఇటూ కాకుండా పోతుంది. మీ తమ్ముడు మంచి కోరే చెప్పి ఉంటాడు, కాయితాల సంగతి ఆయనకు తెలియదు.

భాష గురించి కూడా ఒక మాట. జేఈఈ మెయిన్ పేపరు ఒడియాలోనూ ఉంటుంది, తెలుగులోనూ ఉంటుంది. కాకపోతే ఒడియా పేపరు ఒడిశా సెంటర్లలోనే, తెలుగు పేపరు ఆంధ్ర, తెలంగాణ సెంటర్లలోనే. సెంటరు, భాష రెండూ కలిపి చూసి ఫారం నింపండి.

పర్లాకిమిడి నాన్న

(నాన్న ఐడీ నుంచి వాళ్ల అమ్మాయిని రాస్తున్నాను.) బాలు అన్నయ్యా, పైడ్రాయిడ్ వేసుకున్నాను, 53 నాకూ వచ్చింది, సరిచేశాను. ఇంకోటి చేయాలని ఉంది. మా తాతయ్యకు ఒడియా మాట అర్థమవుతుంది గానీ చదవడం రాదు, తెలుగే చదువుతారు. మున్సిపాలిటీ నోటీసులన్నీ ఒడియాలో వస్తాయి, నేనే చదివి వినిపిస్తాను. ఒడియా అక్షరాలను తెలుగు అక్షరాల్లోకి మార్చే ప్రోగ్రామ్ నేను రాయగలనా? అర్థం మార్చక్కర్లేదు, అక్షరాలు మారితే చాలు.

బరంపురం బాలు

రాయగలవమ్మా, చాలా చక్కటి ఆలోచన. ఎంత తేలికో చూడు. యూనికోడ్‌లో ప్రతి అక్షరానికి ఒక నంబరు ఉంటుంది. ఒడియా అక్షరాల వరస 2816 దగ్గర మొదలవుతుంది, తెలుగు వరస 3072 దగ్గర. మన లిపులన్నిటికీ ఒకే క్రమంలో గళ్లు కేటాయించారు. ఒడియా క నంబరు 2837, తెలుగు క నంబరు 3093. తేడా 256. ఖకీ అంతే, గకీ అంతే, గుణింతాలకీ అంతే.

పైథాన్‌లో ఓఆర్‌డీ అనే ఫంక్షన్‌కి అక్షరం ఇస్తే నంబరు చెప్తుంది. సీహెచ్‌ఆర్‌కి నంబరు ఇస్తే అక్షరం ఇస్తుంది. ఒక లూప్ రాయి. అక్షరం నంబరు 2816కీ 2943కీ మధ్యలో ఉంటే 256 కలిపి తిరిగి అక్షరం చెయ్యి, లేకపోతే ఉన్నది ఉన్నట్టు వదిలెయ్. మీ ఊరి పేరుతో మొదలుపెట్టి ఏం వచ్చిందో ఇక్కడ రాయి.

పర్లాకిమిడి నాన్న

వచ్చింది అన్నయ్యా! ఊరి పేరు పారళాఖేముణ్డి అని వచ్చింది. సున్న బదులు ణకి డ ఒత్తు పడింది, కానీ తాతయ్య చదివేశారు. విశాఖ పేరు బిశాఖాపాటణా అని వచ్చింది. ఒడియాలో బ తోనే రాస్తాం కదా, అది సరే. కానీ రాయగడ రాస్తే రెండు చోట్ల డబ్బాలు వచ్చాయి. ఒడిశా రాసినా ఒక డబ్బా. ఎందుకు?

గుణుపురం మాస్టారు

తల్లీ, నువ్వు సరిగ్గా అసలు చోటికే వచ్చావు. ఒడియాలో ఉండి తెలుగులో లేని అక్షరాలు కొన్ని ఉన్నాయి. ఆ గళ్లకు 256 కలిపితే తెలుగు వైపు ఖాళీ గడి తగులుతుంది, లేదా ఫోన్ ఫాంటులో లేని గుర్తు తగులుతుంది. అదే డబ్బా.

రాయగడలో య చూడు. చదివేటప్పుడు య అని పలికే ఒడియా అక్షరం నంబరు 2911, తెలుగులో ఆ గడి ఖాళీ. దాన్ని నువ్వే 3119కి, అంటే మన యకి పంపాలి. ఇక కింద చుక్క ఉన్న డ. అది రెండు రకాలుగా ఉండొచ్చు. ఒకే అక్షరంగా అయితే 2908, లేదా మామూలు డ పక్కన చుక్క విడిగా 2876. మొదటిది వస్తే 3105కి మార్చు, చుక్క విడిగా వస్తే దాన్ని తీసెయ్. ఈ మినహాయింపులన్నీ ఒక డిక్షనరీలో (పైథాన్‌లో దేనికి ఏది అని జతలు దాచే పట్టిక) పెట్టుకో. ముందు డిక్షనరీలో వెతకాలి, అందులో లేకపోతేనే 256 కలపాలి. ఈ వరస తారుమారైతే డబ్బాలు అలాగే ఉంటాయి.

నంబర్లు నా మాట మీద నమ్మకు. డబ్బా వచ్చిన అక్షరాన్ని ఓఆర్‌డీకి ఇచ్చి నువ్వే చూసుకో. ప్లస్ టూ ప్రాజెక్టుకి ఇది నిండుగా సరిపోతుంది. బజారులో కొన్న లైబ్రరీ మేనేజ్‌మెంట్ ప్రాజెక్టులు దిద్ది దిద్ది విసిగిపోయాను, ఇలాంటిది ఒక్కటి చూస్తే ప్రాణం లేచొస్తుంది.

జైపూర్ చిన్నోడు

అక్కా, నేనూ ఇదే రాస్తున్నాను. ఒడియా అంకెలు కూడా మారాయి.

పర్లాకిమిడి నాన్న

నాన్ననే. రెండు కాలేజీలూ చూసొచ్చాం. ఒకచోట సెకండియర్ పిల్లలు ల్యాబులో ఏదో టేబుల్‌లోంచి పేర్లు తీసే క్వెరీ రాస్తూ కనిపించారు. సార్ మమ్మల్ని లోపలికి రమ్మన్నారు. అమ్మాయి వాళ్ల పక్కన కూర్చుని లేవనంది. సామ్స్‌లో దానికే మొదటి ప్రిఫరెన్స్ పెట్టాం, నాలుగో సబ్జెక్టు ఐటీ, ఎంఐఎల్ (ఇంగ్లీషు కాక చదవాల్సిన భారతీయ భాష) తెలుగు. రెసిడెంట్ సర్టిఫికెట్‌కి అప్లై చేశాను. జేఈఈకి లెక్కల ట్యూషన్ ఇక్కడే చూస్తున్నాం.

ఇదిగో, మళ్లీ ఫోన్ లాక్కుంటోంది.

రాయగడ ఇప్పుడు రాయగడా అని సరిగ్గా వచ్చింది మాస్టారూ. తెలుగు నుంచి ఒడియాకి కావాలంటే 256 తీసేస్తే సరిపోతుందా? ఎ, ఒ రాస్తే మళ్లీ డబ్బాలు వస్తున్నాయి.

గుణుపురం మాస్టారు

ఒడియాలో హ్రస్వ ఎ, ఒ లేవమ్మా. తెలుగు ఎ 3086, దాన్ని ఏ కిందే లెక్కేసి 2831కి పంపు. ఒ 3090, దాన్ని 2835కి. వాటి గుణింతపు గుర్తులు 3142, 3146 కూడా అంతే, 2887, 2891కి పంపాలి. ఇటు నుంచి అటు వెళ్లి మళ్లీ వెనక్కి తెస్తే హ్రస్వం పోయి దీర్ఘమే వస్తుంది. దాన్ని ప్రోగ్రామ్‌తో సరిచేయగలమా, లేక ఆ సమాచారం పోయినట్టేనా? రేపటికి ఆలోచించి రాయి. జైపూర్ బాబూ, నువ్వు కూడా.